మూడు మాగ్నమ్‌లు, ఒక భుజం

పంతొమ్మిదేళ్లు వేట తుపాకులు అమ్మాను. కోడిగుడ్డు కూడా తినని మనిషిని. ఈ రెండు మాటలూ పక్కపక్కన పెడితే వినేవాళ్లకి ముందు నవ్వొస్తుంది, తర్వాత అనుమానం వస్తుంది. పార్టీల్లో ఎవరైనా "అన్నయ్యగారు ఎక్కడ పనిచేస్తారు?" అని అడిగితే మా ఆవిడ అన్నపూర్ణ "ఆటసామాన్ల షాపులో" అని చెప్పి, వాళ్లు క్రికెట్ బ్యాట్ల ధర అడిగేలోపే వంటింట్లోకి జారుకునేది.

అంతకుముందు ఇక్కడే, అరిజోనాలోని చాండ్లర్‌లో, ఒక చిప్ ఫ్యాక్టరీలో టెస్ట్ ఇంజనీర్ని. ఒక శుక్రవారం మా గ్రూపు మొత్తాన్ని లేఆఫ్ చేశారు. గ్రీన్‌కార్డు చేతిలో ఉంది కాబట్టి పెట్టెలు సర్దుకోవలసిన పని రాలేదు. కానీ ఇంట్లో ఊరికే కూర్చోలేక పోపులపెట్టెలో గిన్నెలన్నిటికీ లేబుళ్లు అంటించాను. ఆవాల గిన్నె మీద 'ఆవాలు' అని చూసిన రోజు అన్నపూర్ణ, "ఏమండీ, మీకు దణ్ణం పెడతాను. ఎక్కడికైనా వెళ్లి పని చేసుకోండి. ఎక్కడికైనా సరే!" అంది. మా ఇంటికి రెండు మైళ్లలో ఒక తుపాకుల షాపు ఉంది. తలుపు మీద 'మనిషి కావాలి' అని కాగితం. 'ఎక్కడికైనా' అన్నది ఆవిడే కదా అని లోపలికి వెళ్లాను.

మొన్న మార్చిలో రిటైరయ్యాను. నా తర్వాత కౌంటర్‌లో చేరిన తెలుగమ్మాయి, ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, "అంకుల్, నేను ఏం నేర్చుకోవాలి, రాసి ఇవ్వండి" అంది. లైసెన్సులు, ఫారాలు, బ్యాక్‌గ్రౌండ్ చెక్కులు అన్నీ షాపు బైండర్‌లో ఉన్నాయి. బైండర్‌లో లేనిది రాస్తున్నాను.

మిల్లీమీటర్ తగాదా

కౌంటర్ ముందుకి వచ్చినవాళ్లలో దాదాపు అందరూ అడిగేది ఒకటే: ఏ మాగ్నమ్ గొప్పది? ఉద్యోగమంతా ఆ ప్రశ్నకి జవాబు చెప్పడమే. మిగతా సమయంలో అద్దాలు తుడుస్తాం.

మాగ్నమ్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. తూటాలో ముందు బుల్లెట్, వెనక ఇత్తడి గొట్టం, ఆ గొట్టంలో మందు ఉంటాయి. గొట్టం పెద్దదై మందు ఎక్కువ పడితే అది మాగ్నమ్. వేటగాళ్లు ఎక్కువగా కొట్టుకు చచ్చేది మూడింటి గురించి. సెవెన్ ఎంఎం మాగ్నమ్ బుల్లెట్ సన్నం, దూరం పోయినా పెద్దగా కిందికి వాలదు, మిగతా రెండింటితో పోలిస్తే భుజాన్ని కాస్త దయగా చూస్తుంది. త్రీ హండ్రెడ్ మాగ్నమ్ అంతకన్నా లావు, దూరాన కూడా దెబ్బ గట్టిగా ఉంటుంది, తన్ను, అంటే పేలినప్పుడు తుపాకి వెనక్కి వచ్చి భుజాన్ని గుద్దే గుద్దు, కూడా ఎక్కువే. త్రీ థర్టీ ఎయిట్ మాగ్నమ్ ఇంకా లావు, ఇంకా బరువు, అలాస్కాలో ఎలుగుబంట్ల మధ్య తిరిగేవాళ్లు ముచ్చటపడేది. దాని తన్ను గురించి తీరిగ్గా చెబుతాను. దాని గురించే ఈ వ్యాసం.

ఆ అంకెలన్నీ బుల్లెట్ లావు కొలతలు, ఏడు మిల్లీమీటర్లలో, మిగతా రెండూ అంగుళంలో వెయ్యోవంతుల్లో. అన్నిటినీ ఒకే కొలతలోకి మార్చి చూస్తే ఒకదానికీ దాని పై దానికీ మధ్య లావులో తేడా ఒక్క మిల్లీమీటర్ కూడా ఉండదు. బియ్యపు గింజ మందం కూడా కాదు. ఆ మాత్రం దానికి ఇద్దరు తోడల్లుళ్లు నా కళ్ల ముందే మాట్లాడుకోవడం మానేశారు. ఒకాయన "సెవెన్ ఎంఎం ఉడతలకి సరిపోతుంది" అన్నాడు. రెండో ఆయన పది నిమిషాల క్రితమే సెవెన్ ఎంఎం కొన్నాడు. చేతిలోని సగం తిన్న డోనట్ కౌంటర్ మీద పెట్టి వెళ్లిపోయాడు. మరో పెద్దాయన ప్రతి శనివారం పదకొండు గంటలకి వచ్చి త్రీ హండ్రెడ్ గొప్పతనం గంటసేపు చెప్పి, బాత్రూమ్ వాడుకుని వెళ్లేవాడు. పంతొమ్మిదేళ్లలో ఒక్క తూటా కొనలేదు. ఆయన్ని గౌరవించండి, ఇంకా వస్తూనే ఉన్నాడు.

నా అభిప్రాయం అడిగితే, తగిలిన బుల్లెట్ ఎంత లావో జంతువుకి తెలియదు. ఎక్కడ తగిలిందన్నదే తెలుస్తుంది. ఈ మాట నేను మొదటి రోజు నుంచీ చెబుతూ వచ్చానని రాసుకోవాలని ఉంది. కానీ అది అబద్ధం.

డేల్ పరీక్ష

షాపు యజమాని డేల్. అప్పటికే అరవై దాటినవాడు, సన్నగా ఉంటాడు, రోజుకి పాతిక మాటలు మాట్లాడితే ఎక్కువ. సుబ్రహ్మణ్యం అన్న నా పేరుకి నోరు తిరగక 'మానీ' అని పిలిచేవాడు.

డేల్‌కి ఒక పద్ధతి ఉండేది. మాగ్నమ్ కొన్న ప్రతివాణ్నీ షాపు వెనక కాల్చి చూసుకునే రేంజ్‌కి తీసుకెళ్లి, తూటాలు తనే నింపి, ఐదుసార్లు కాల్చమనేవాడు. ఆ ఐదింటిలో ఒకటో రెండో మందు లేని ఉత్తుత్తి తూటాలు. ఏది ఎప్పుడు వస్తుందో కాల్చేవాడికి తెలియదు. ట్రిగ్గర్ నొక్కితే 'టిక్' అని ఊరుకుంటుంది. అప్పుడు తుపాకి నిశ్చలంగా ఉంటే మనిషికీ తుపాకికీ జాతకాలు కలిసినట్టే. ఉత్తుత్తి తూటాకి కూడా కళ్లు మూసుకుని, తుపాకి మొన కిందికి దించేశాడంటే తన్నుకి ముందే జడుసుకుంటున్నాడన్నమాట. అలాంటివాడి బుల్లెట్ ఎటు పోతుందో ఆ దేవుడికే తెలియాలి. డేల్ ఆ రైఫిల్ వెనక్కి తీసుకుని చిన్నది చేతికిచ్చేవాడు.

చాలామంది తిట్టి వెళ్లేవాళ్లు. చేతి మీద సింహం పచ్చబొట్టు ఉన్న ఆరున్నర అడుగుల మనిషి ఉత్తుత్తి తూటాకి "అమ్మా" అన్నంత పని చేశాడు. అతను మళ్లీ మా వీధిలో కనిపించలేదు. వ్యాపారం ఇలా చేస్తే ఎలా అని నాకు ఒళ్లు మండేది.

ఫస్ట్ ర్యాంక్

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. చేరిన మూడో ఏడు నేను ఎక్సెల్‌లో ఒక పట్టిక చేశాను. పద్నాలుగు రకాల మాగ్నమ్ తూటాలు, ఒక్కోదాని వేగం, దెబ్బ బలం, మూడువందల గజాల దగ్గర ఎంత వాలుతుంది, బుల్లెట్ బరువు. ఒక్కో గడికి మార్కులు, మార్కులన్నీ కూడి చివర ర్యాంకు. ఎంసెట్ ర్యాంకు చెబితే తప్ప పెళ్లిలో రెండో లడ్డూ వడ్డించని మనుషుల మధ్య పెరిగాను. తూటాలకి ర్యాంకు ఇవ్వకుండా ఎలా ఉండగలను? త్రీ థర్టీ ఎయిట్‌కి ఫస్ట్ ర్యాంక్ వచ్చింది. ప్లాస్టిక్ వేయించి కౌంటర్ మీద తగిలించాను.

డేల్ దాని ముందు నిమిషంసేపు నిలబడ్డాడు.

"తన్నుకి గడి ఏదీ?" అన్నాడు.

"అది మనిషిని బట్టి మారుతుంది. కొలవడం కష్టం" అన్నాను.

"కాల్చేది మనిషే కదా, మానీ" అని కాఫీ కప్పుతో లోపలికి వెళ్లిపోయాడు.

నేను పట్టిక తియ్యలేదు. ముఖ్యంగా మనవాళ్లకి అది తెగ నచ్చేది. చాండ్లర్‌లో వేటకి వెళ్లే తెలుగువాళ్లు అప్పటికి వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. వచ్చినవాడల్లా నేరుగా పట్టికలో పైవరస చదివి, "ఇదే ఇవ్వండి" అనేవాడు. రెండో ర్యాంకు వైపు కన్నెత్తి చూసినవాడు లేడు.

రఘురాం టాగ్

అలా వచ్చినవాడే రఘురాం. కరీంనగర్ వాడు, చిప్ ఫ్యాక్టరీలో నాతోబాటు పనిచేసి, వేరే గ్రూపు కాబట్టి లేఆఫ్ తప్పించుకున్నవాడు. ఎల్క్ వేటంటే అతనికి పిచ్చి. ఎల్క్ అంటే మన దుప్పిలాంటిదే, కాకపోతే గుర్రమంత ఉంటుంది. అరిజోనాలో దాన్ని వేటాడాలంటే లాటరీలో టాగ్ రావాలి, అంటే కొట్టిన జంతువుకి కట్టే పర్మిట్ చీటీ. రఘురాం పదకొండేళ్లు వరసగా అప్లై చేశాడు. పదకొండో ఏడు వచ్చింది. ఒక్క వారం, ఒక్క మగ ఎల్క్. తప్పిపోతే మళ్లీ మొదటి నుంచి క్యూలో నిలబడాలి.

"అన్నా, ఇంకో పదకొండేండ్లకు నా మోకాళ్లు ఉంటయో ఉండవో" అన్నాడు. "అందరికీ చెప్పిన. నెలాఖర్ల గెట్‌టుగెదర్‌కు ఎల్క్ బిర్యానీ అని స్వప్న వాట్సాప్‌ల గూడ పెట్టేసింది. నూటయాభై మంది లైక్ గొట్టిండ్రు. ఫస్ట్ ర్యాంక్ ఏదో అదే ఇయ్యి."

స్వప్న అతని భార్య. ఆ బిర్యానీ సంగతి విని నాకే కంగారు పుట్టింది. అయినా త్రీ థర్టీ ఎయిట్ తీసి ఇచ్చాను.

ఆ రోజు డేల్ ఊళ్లో లేడు. పరీక్ష నేనే పెట్టాలి. రఘురాం రెండు తూటాలు కాల్చి, భుజం పట్టుకుని "అబ్బ, గాడిద తన్నినట్టున్నదే" అన్నాడు. మిగతా మూడూ కాల్చమని, మధ్యలో ఉత్తుత్తి తూటా పెట్టాలి. కానీ మనవాడు. లేఆఫ్ రోజున నా డబ్బాలు కారుదాకా మోసినవాడు. వాడికి పరీక్ష పెట్టడమేమిటని మొహమాటపడ్డాను. "అలవాటైపోతుందిలే" అన్నాను. తుపాకి మీద గురి చూసే దుర్భిణి, అదే స్కోప్, సరిచేసే పని మా మెకానిక్ చేసిపెట్టాడు. రిజిస్టర్‌లో పరీక్ష గడిలో టిక్కు పెట్టాను. ఈ ఉద్యోగంలో నేను చేసిన తప్పుల్లో ఇంతకన్నా పెద్దది లేదు.

చెట్టుకి తగిలింది

"నువ్వు గూడ రావాలె అన్నా" అని పట్టుబట్టాడు. సెలవు పెట్టి వెళ్లాను. ఉత్తరాన పైన్ చెట్ల కొండల్లో టెంట్ వేశాం. నవంబర్ మధ్యలో, నీళ్ల సీసాలు గడ్డకట్టే చలి. అన్నపూర్ణ కట్టిచ్చిన పులిహోర స్టవ్ మీద పెడితే తప్ప గరిట దిగేది కాదు.

మూడో రోజు పొద్దున నూటయాభై గజాల్లో ఎల్క్ కనిపించింది. కొమ్ములు చూస్తే మా ఇంటి దండెం గుర్తొచ్చింది, అన్నపూర్ణ చీరలు ఆరు ఆరేయొచ్చు. పక్కకి తిరిగి, ఫొటోకి నిలబడ్డట్టు నిలబడింది. రఘురాం మోడు మీద రైఫిల్ ఆనించాడు. నేను బైనాక్యులర్స్‌లో ఎల్క్‌ని చూడటం మాని, ఎందుకో అతని మొహం వైపు చూశాను. రెండు కళ్లూ గట్టిగా మూసుకుని, పళ్లు బిగించి ఉన్నాడు.

కొండలు మోగాయి. ఎల్క్‌కి చాలా ఎడంగా ఉన్న పైన్ చెట్టు కొమ్మ విరిగి కిందపడింది. ఎల్క్ ఆ కొమ్మ వైపు ఒకసారి, మా వైపు ఒకసారి చూసి, తొందరేమీ లేకుండా చెట్లలోకి వెళ్లిపోయింది. రఘురాం కనుబొమ మీద స్కోప్ అంచు తగిలి నెలవంకలాగా చీరుకుంది. పట్టీ నేనే వేశాను.

మర్నాడు ఇంకోటి కనిపించింది, వంద గజాల్లోపే. రఘురాం గురి చూశాడు, వేలు ట్రిగ్గర్ మీద పెట్టాడు, తీసేశాడు. మళ్లీ పెట్టాడు, తీసేశాడు. ఎల్క్ వెళ్లిపోయింది.

"అన్నా, నాకు అడవంటె భయం లేదు. ఎలుగ్గొడ్డంటె భయం లేదు. గీ తుపాకంటెనే పానం బోతున్నది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి అడిగాడు. "నిజం చెప్పు. నువ్వు దీన్ని ఎన్నిసార్లు గాల్చినవ్?"

 పద్నాలుగు తూటాలకి ర్యాంకులు ఇచ్చినవాణ్ని. రేంజ్‌లో చిన్న తుపాకులు తప్ప మాగ్నమ్ ఒక్కటి కూడా భుజానికి ఆనించలేదు. అంకెలు చాలనుకున్నాను.

"ఒక్కసారి కూడా లేదురా" అన్నాను.

"ఒక్కసారి గూడనా?"

"ఒక్కసారి కూడా."

రఘురాం పట్టీ ఒకసారి తడుముకుని, రైఫిల్‌ని సంచిలో పెట్టి జిప్పు లాగేశాడు. తిట్టి ఉంటే బాగుండేది. నాకు ఆ రోజు కలిగినంత సిగ్గు లేఆఫ్ రోజున కూడా కలగలేదు.

గుర్రం బొమ్మ రైఫిల్

కొండ మీదికి ఎక్కి సిగ్నల్ దొరికిన చోట డేల్‌కి ఫోన్ చేశాను. పరీక్ష పెట్టలేదని, పెట్టినట్టు టిక్కు కొట్టానని చెప్పాను.  "ఎక్కడున్నారు?" అని మాత్రం అడిగాడు. మధ్యాహ్నానికి మూడు గంటలు డ్రైవ్ చేసుకుని ట్రక్కులో వచ్చాడు.

తెచ్చింది తన మనవరాలి రైఫిల్. బుల్లెట్ లావు సెవెన్ ఎంఎం మాగ్నమ్‌దే, కాకపోతే గొట్టం పొట్టిది, మందు తక్కువ. మాగ్నమ్ కానే కాదు. నా పట్టికలో దానికి చోటే లేదు. భుజానికి ఆనించే కర్ర మీద గులాబీ రంగులో ఒంటికొమ్ము గుర్రం బొమ్మ స్టిక్కర్ ఒకటి, కింద రెండు మెరుపు నక్షత్రాలు ఉన్నాయి.

"దీన్తోనా?" అన్నాడు రఘురాం మొహం పెట్టి.

డేల్ ముందు నన్ను పిలిచాడు. మట్టిగట్టుకి ఎదురుగా మడత స్టూల్ వేసి, త్రీ థర్టీ ఎయిట్ నా చేతికిచ్చి, "నీ ఫస్ట్ ర్యాంక్. కాల్చు" అన్నాడు. తప్పించుకోలేను. భుజానికి ఆనించాను. ఇష్టదైవాన్ని తలుచుకుని ట్రిగ్గర్ నొక్కాను.

'టిక్' అంది. ఉత్తుత్తి తూటా. తుపాకి పేలలేదు, తన్నలేదు, అసలు ఏమీ కాలేదు. నేను మాత్రం స్టూల్‌తో సహా వెనక్కి వెల్లకిలా పడ్డాను.

ఆకాశం వైపు చూస్తూ పడుకుని ఉండగా ఒక శబ్దం వినిపించింది. రఘురాం నవ్వుతున్నాడు. కనుబొమ నొప్పికి "అబ్బా" అంటూ, మళ్లీ నవ్వుతూ. డేల్ నవ్వడం నేను మొదటిసారి చూసింది కూడా అప్పుడే. నాకూ నవ్వొచ్చింది, నడుము పట్టేసింది కాబట్టి సగమే నవ్వగలిగాను.

ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున రఘురాంకి డేల్ పాఠం నడిచింది. ఒక నిజం తూటా, ఒక ఉత్తుత్తి తూటా, రెండు ఉత్తుత్తివి, ఒక నిజం. మొదట్లో తుపాకి మొన కోడిముక్కులాగా కిందికి పొడిచేది. తర్వాత తర్వాత తగ్గింది. చివరికి వరసగా నాలుగుసార్లు 'టిక్' అన్నా తుపాకి కదల్లేదు. డేల్ స్టిక్కర్ రైఫిల్ అక్కడే వదిలి, త్రీ థర్టీ ఎయిట్ ట్రక్కులో వేసుకుని వెళ్లిపోయాడు. ఇదంతా అయ్యేసరికి టాగ్‌లో రెండు రోజులు మిగిలాయి.

ఆఖరి రోజు ఎండ తగ్గుతుండగా వాగు ఒడ్డున ఎల్క్ కనిపించింది. మొదటిదంత పెద్దది కాదు. దండెంగా వాడితే రెండు చీరలు, ఒక తువ్వాలు. రఘురాం ఊపిరి వదిలాడు. ఈసారి కళ్లు తెరిచే ఉన్నాడు. చిన్న శబ్దం. ఎల్క్ ఇరవై అడుగులు నడిచి కూలింది. బాధపడటానికి కూడా దానికి వ్యవధి లేదు. రఘురాం దాని పక్కన కూర్చుని మెడ మీద చెయ్యి వేసి, "మాఫ్ జెయ్యి" అన్నాడు. తర్వాత టాగ్ కట్టలేక ఏడ్చేశాడు. నేను కట్టాను. ముక్కలుగా చేసి కారుదాకా నాలుగు విడతలుగా మోశాం. జీవితంలో ఉల్లిపాయ గారె కూడా అనుమానంగా చూసినవాణ్ని, వెనకకాలు ఒకటి వీపున వేసుకుని మైలున్నర నడిచాను. డేల్ ఫోన్‌లో అడిగిన మొదటి మాట, "ఎన్ని తూటాలు?" "ఒకటి" అన్నాను. "మంచిది" అని పెట్టేశాడు.

బిర్యానీ

నెలాఖరు గెట్‌టుగెదర్‌లో నూటయాభై మందీ వచ్చారు. నేను పెరుగన్నం గిన్నెతో ఒక మూల కూర్చున్నాను. బిర్యానీ రెండోసారి వడ్డించాక ఎవరో గట్టిగా అడిగారు.

"రఘురాం, ఏ క్యాలిబర్‌తో కొట్టినవ్ భాయ్?"

రఘురాం గరిట పట్టుకుని ఆగిపోయాడు. హాలంతా అతని వైపే చూస్తోంది. అతని కళ్ల ముందు గులాబీ రంగు గుర్రం కదిలి ఉంటుంది, నా కళ్ల ముందైతే కదిలింది.

"త్రీ థర్టీ ఎయిట్ మాగ్నమ్" అన్నాడు.

"అబ్బో! ఆ కనుబొమ మీద దెబ్బేంది?"

"కొమ్ము దాకింది."

హాలంతా "ఓహో" అంది. నెల్లూరు పెద్దాయన ఒకాయన నా వైపు తిరిగి, "సుబ్రహ్మణ్యం గారూ, మీరు పక్కనే ఉన్నారంట గదా, నిజమేనా?" అని అడిగారు. రఘురాం నా వైపు చూసిన చూపు మళ్లీ ఎవరి మొహంలోనూ చూడలేదు. నోట్లో పెరుగన్నం ఉంది. తలూపాను.

సోమవారం షాపు తెరిచేసరికి తలుపు దగ్గర నలుగురు నిలబడి ఉన్నారు, అందరూ మనవాళ్లే. బిర్యానీ తిన్న మొహాలే.

"అన్నా, ఆ త్రీ థర్టీ ఎయిట్ ఒకటి చూపిస్తారా? నాకొకటి, మావాళ్లకి తలా ఒకటి."

నా వెనక రాక్‌లో నాలుగున్నాయి, సరిగ్గా నాలుగే. నా పట్టిక కౌంటర్ మీదే ఉంది, పైవరసలో ఫస్ట్ ర్యాంక్. పార్టీలో నిజం చెప్పే అవకాశం పోగొట్టుకున్నాను. ఇప్పుడు చెబితే రఘురాం పరువు పోతుంది. డేల్ పరీక్ష పెట్టినా, రఘురాం ఎలా నెగ్గాడన్న ప్రశ్న వస్తుంది. చెప్పకపోతే నాలుగు కనుబొమలు పోతాయి, నాలుగు జంతువులు ఎక్కడో గాయాలతో తిరుగుతాయి.

"స్టాక్ లేదండీ" అన్నాను.

నలుగురూ నా భుజం మీదుగా రాక్ వైపు చూశారు.

"మరి అవి?"

"పాడైనవి. అన్నీ తిప్పి పంపించేస్తున్నాం."

పక్క బల్ల దగ్గర డేల్ తలెత్తి, ఏమడిగారని ఇంగ్లీషులో అడిగాడు. ఏం అడిగారో, నేను ఏం చెప్పానో ఉన్నదున్నట్టు చెప్పాను. ఒక్కపూటలో నాలుగు రైఫిళ్లు అమ్ముడుపోవడం ఆ షాపులో ఏడాదికోసారి కూడా జరిగేది కాదు. డేల్ కాఫీ కప్పు కింద పెట్టి లేచాడు. రాక్ దగ్గరికి వచ్చి, ఆ నాలుగు కొత్త రైఫిళ్లనూ ఒక్కొక్కటిగా దించి, ప్రతిదాన్నీ కిటికీ వెలుతురులో తిప్పి చూసి, విచారంగా తలాడించి, వెనక గదిలోకి మోసుకుపోయాడు.